ఎర్ర పెన్ను చేతికొచ్చాక

కాలేజీలో స్కాలర్‌షిప్పుల ఇన్‌ఛార్జి పనిని ఎవరూ అడిగి నెత్తికెత్తుకోరు. పాఠాలు చెప్పుకుని ఇంటికి పోయేవాడికి ఆ గొడవంతా ఎందుకు? నేను మాత్రం అడిగి తీసుకున్నాను. పిల్లలకు సాయం చేద్దామని తీసుకున్నానని చాలా ఏళ్ళు అందరికీ చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. మనలో మాట, అసలు కారణం వేరే. నాకు ముందు ఆ పని చూసిన పెద్దాయన ఏ దరఖాస్తు వచ్చినా కళ్ళజోడైనా సర్దుకోకుండా సంతకం పెట్టేసేవాడు. ఒకరోజు స్టాఫ్ రూంలో నలుగురి ముందూ నేను గొంతు పెంచాను. "ఇది ప్రజల సొమ్ము సార్, చూడకుండా సంతకాలు పెడితే రేపు జవాబు ఎవరు చెప్తారు?" అన్నాను. నలుగురూ తలూపారు. ప్రిన్సిపాల్ గారి చెవిన పడింది. అయితే ఇకనుంచి మీరే చూడండి అన్నారు. ఒక బీరువా తాళం, ఒక రిజిస్టరు, ఒక ఎర్ర పెన్ను నా చేతికొచ్చాయి. వాటితోపాటు, నన్ను ఎవ్వరూ మోసం చెయ్యలేరని ఊరంతా అనుకోవాలన్న కోరిక కూడా వచ్చి కూర్చుంది.

ఆ కోరిక మీకు తెలియనిదేమీ కాదు. ఏదో ఒక కౌంటర్ వెనకాల, ఏదో ఒక ఫైలు ముందు మనమంతా ఎప్పుడో ఒకప్పుడు కూర్చున్నవాళ్ళమే. సొసైటీ మీటింగులో లెక్కలడిగినా, పెళ్ళిలో భోజనాల దగ్గర నిలబడి విస్తళ్ళు లెక్కపెట్టినా, లోపల ఉండే తృప్తి అదే. పదిమందికి మేలు జరిగిందన్న సంతోషం కంటే ఒక్కణ్ణి పట్టుకున్నామన్న సంతోషం మనకు ఎందుకో ఎక్కువ రోజులు ఉంటుంది.

ఈ పని సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో పెద్ద ఎత్తున మొదలైంది. రాష్ట్రం రెండయ్యాక ఆంధ్రలో జ్ఞానభూమి అనీ, విద్యాదీవెన అనీ పేర్లు మారాయి. మా తెలంగాణలో ఈ-పాస్ అనే పాత పేరే నిలిచింది. ట్యూషన్ ఫీజును ఆర్టీఎఫ్ అంటారు, అది కాలేజీకి వస్తుంది. ఎంటీఎఫ్ అంటే పిల్లల ఖర్చులకిచ్చేది, అది వాళ్ళ ఖాతాలో పడుతుంది. బీసీ పిల్లలకైతే ఇంటి ఆదాయం పల్లెలో ఏడాదికి 1,50,000, పట్నంలో 2,00,000 రూపాయలు దాటకూడదు. పిల్లలు నెట్ సెంటరుకు పోయి టెన్త్ హాల్ టికెట్ నంబరు, ఆధార్ నంబరు, మీసేవలో తెచ్చుకున్న కులం, ఆదాయం పత్రాల నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు ఎక్కిస్తారు. ప్రింటు తీసి, జిరాక్సులు జతచేసి, హార్డ్ కాపీ తెచ్చి ఇన్‌ఛార్జి చేతిలో పెడతారు. వేలిముద్ర వేస్తారు. కాగితాలు బాగున్నాయని ఇన్‌ఛార్జి అంటేనే ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి ఆ దరఖాస్తు సంక్షేమ శాఖకు కదులుతుంది. అక్కణ్ణుంచి మంజూరు, ట్రెజరీ, టోకెను, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎదురుచూపు.

ఇంత పొడుగు దారిలో పిల్లల ముఖం చూసేది కాలేజీ ఒక్కటే. జిల్లా ఆఫీసుకు వాళ్ళొక నంబరు, ట్రెజరీకి ఒక బిల్లు. ఏ ఊరినుంచి వస్తున్నారో, ఏ బస్సుకు వస్తున్నారో, చెప్పులున్నాయో లేవో కళ్ళారా చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ కుర్చీలో కూర్చుని నేను చేసిందల్లా ముఖం చూడకుండా కాగితాలు చూడటం.

నా పద్ధతి చెప్తాను వినండి. టెన్త్ మెమో ఎడమ పక్కన, ఆధార్ కుడి పక్కన, బ్యాంకు పాసుబుక్కు మధ్యలో. మూడింటి మీదా స్కేలు పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూసేవాణ్ణి. ఇంటిపేరు పొట్టిగా ఒకచోట, పూర్తిగా ఇంకోచోట ఉంటే సున్నా. పుట్టిన తేదీలో ఒక్క అంకె తేడా ఉంటే సున్నా. తండ్రి పేరు చివర్న 'అయ్య' ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే పెద్ద సున్నా. మా జిల్లాలో పెద్దవాళ్ళు సగంమందికి మూడు కాగితాల్లో మూడు పేర్లుంటాయి. ఓటరు లిస్టులో రాసినవాడు ఒకడు, రేషన్ కార్డులో రాసినవాడు ఒకడు, ఆధార్ శిబిరంలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు ఇంకొకడు. వాళ్ళ పొరపాట్లకు ఈ పిల్లలు జవాబుదారీలు. దరఖాస్తు మొదటి పేజీ మీద నేను ఎర్రగా 'వాపసు' అని రాసి, కింద గీత గీసేవాణ్ణి. ఎందుకు వాపసో రాసేవాణ్ణి కాదు. నోటితో చెప్పేవాణ్ణి, అదీ వరసలో వెనక నిలబడ్డవాళ్ళందరికీ వినిపించేలా. స్టాఫ్ రూంలో నాకు 'విజిలెన్స్ సార్' అని పేరు పడింది. ఆ పేరు వింటే నాకు మూడు పూటలా బిర్యానీ తిన్నట్టుండేది.

వేలిముద్ర యంత్రం దగ్గర ఇంకో తంతు. పత్తి తీసే రోజుల్లో ఊళ్ళనుంచి వచ్చే ఆడపిల్లల వేళ్ళు గీరుకుపోయి ఉంటాయి. పత్తికాయ మొనలు ఎండాక సూదుల్లా ఉంటాయని తెలిసినవాళ్ళకు తెలుసు. బొటనవేలు పెడితే ఎర్ర లైటు. చున్నీకి తుడుచుకుని పెడితే మళ్ళీ ఎర్ర లైటు. అప్పుడు వేలు నూనె పెట్టిన తలలో రాసుకుని, గట్టిగా అదిమితే ఒక్కోసారి పచ్చ లైటు వెలిగేది. అది చూస్తూ కూడా నాకు ఆ పిల్ల పొద్దున చేనుకు పోయొచ్చిందన్న ఆలోచన వచ్చేది కాదు. "తొందరగా కానియ్యమ్మా, వెనక లైను ఉంది" అనేవాణ్ణి.

ఇక అసలు సంగతికి వస్తాను. చెప్పడానికి ఇప్పటికీ నోరు రావట్లేదు.

బీకాం మొదటి సంవత్సరం అమ్మాయి. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. మొదటి బస్సెక్కి వచ్చేది కాబట్టి ఎప్పుడూ లైనులో ముందుండేది. కాగితాలన్నీ ఉన్నాయి. కుల పత్రం ఉంది, ఆదాయ పత్రం ఉంది, మార్కులు బ్రహ్మాండంగా ఉన్నాయి. పేరులో 'లక్ష్మి' దగ్గరే వచ్చింది చిక్కు. టెన్త్ మెమో మీది ఇంగ్లీషు స్పెల్లింగులో మధ్యలో ఎక్స్ ఉంది. ఆధార్‌లో కె, ఎస్, హెచ్ ఉన్నాయి. నాకు పండగే. సున్నా చుట్టి, "ఆధార్ మార్పించుకుని రామ్మా" అన్నాను. "సార్, డేటు దగ్గర పడ్డది" అంది. "ఏం కాదు, ప్రతి ఏడూ పెంచుతారు, ఈ ఏడూ పెంచుతారు" అన్నాను. అంత ధీమాగా చెప్పడానికి నేనేమన్నా ముఖ్యమంత్రినా?

పోయింది. ఆధార్ సెంటర్లో సర్వరు లేదన్నారు. మళ్ళీ పోయింది. మెమో ఒరిజినల్ తెమ్మన్నారు, అది కాలేజీ బీరువాలో ఉంది. నా దగ్గరికొచ్చింది. ఒరిజినల్ ఇవ్వటం కుదరదన్నాను. ఎట్లాగో టెన్త్ చదివిన బడికి పోయి కాగితం రాయించుకుని, పేరు మార్పించుకుని పరుగున వచ్చింది. అప్పుడు పాసుబుక్కు చూశాను. అందులో పాత స్పెల్లింగే ఉంది. "ఇది కూడా మారాలి కదమ్మా" అన్నాను. ముందే చెప్పొచ్చుగా అని అడగలేదు, అడిగే పిల్ల కాదు. బ్యాంకుకు పోయింది. కేవైసీ ఫారం ఇచ్చి రేపు రమ్మన్నారు, ఎల్లుండి రమ్మన్నారు. ఆఖరి రోజు మధ్యాహ్నం అన్నీ సరిచేసుకుని కాలేజీకి వచ్చింది. ఆ రోజు నేను వేరే కాలేజీలో పరీక్షల డ్యూటీలో ఉన్నాను. బీరువా తాళం నా జేబులో ఉంది. దరఖాస్తుల రిజిస్టరు బీరువాలో ఉంది. ఆ తాళం ఇంకొకరికి ఇస్తే లోకం మునిగిపోతుందని నా నమ్మకం కాబట్టి దాన్ని నిద్రలో కూడా వదిలేవాణ్ణి కాదు. ఆ పిల్ల సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, ఆఖరి బస్సుకు ఇంటికి పోయిందని మర్నాడు అటెండరు చెప్పాడు.

ఆ ఏడు గడువు పెంచలేదు.

తర్వాత ఏదో పనిమీద జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసుకు పోయినప్పుడు అక్కడి పెద్దాయనతో ఈ మాట అన్నాను. నేనెంత గట్టిగా చూస్తానో చెప్పుకోవడానికే ఎత్తానని ఒప్పుకుంటున్నాను. ఆయన కళ్ళజోడు తీసి నా వంక చూశారు. "స్పెల్లింగు తేడానా? ఇద్దరూ ఒకరే, మా విద్యార్థే అని మీ ప్రిన్సిపాల్ ఒక కాగితం మీద రాసిచ్చి పంపితే మేము చూసుకునేవాళ్ళం కదా మాస్టారూ" అన్నారు. రోజూ నా ఎదురుగా బెంచీలో కూర్చునే పిల్ల ఆ పిల్లేనని నా రెండు కళ్ళకూ తెలుసు. తెలిసిన ఆ ఒక్క ముక్క కాగితం మీద పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

రెండో ఏడూ మూడో ఏడూ ఆమెకు స్కాలర్‌షిప్పు వచ్చింది. మొదటి ఏడు ఫీజు మాత్రం ఆమె పేరు మీద బాకీగా నిలిచిపోయింది. డిగ్రీ పాసై, పీజీ ఎంట్రెన్సులో సీటొచ్చి, టీసీ కోసం, మెమోల కోసం వస్తే ఆఫీసులో బాకీ కట్టమన్నారు. ఇదీ మన ప్రైవేటు కాలేజీల ఆచారం. ప్రభుత్వం దగ్గర్నుంచి రావలసింది రాకపోతే పిల్లల కాగితాలు పట్టుకుంటాం. తల్లి మహిళా సంఘంలో అప్పు తీసుకుని డబ్బు తెచ్చేసరికి అడ్మిషన్ గడువు దాటింది. ఆమె చదువు ఒక ఏడు వెనకబడింది. ఆ డబ్బు నేను కట్టి ఉండొచ్చు. నా జీతంలో అది భరించలేనంత ఏం కాదు. కట్టలేదు. ఆమె బాకీ సంగతి ప్రిన్సిపాల్ గారికి చెప్పి, నా చేతులు దులుపుకున్నాను. తల్లి నా గది ముందుకొచ్చి దండం పెట్టి, "నీ తప్పేమున్నది సారూ, మా కాయితాలే మంచిగ లేవు" అంది. నన్ను తిట్టి ఉంటే ఇన్నాళ్ళూ ఇంతగా గుర్తుండేది కాదేమో.

ఇదొక ముక్క. రెండో ముక్క కూడా వినండి, అప్పుడు గానీ నా తెలివి మీకు పూర్తిగా తెలియదు.

ఆ అమ్మాయి దరఖాస్తు ఆగిన ఏడే ఒక అబ్బాయి ఫైలు తెచ్చాడు. ఫైలంటే ఫైలు! పారదర్శకంగా ఉండే పచ్చ కవరు, ఒక్కో కాగితానికి నంబరు, ముందు విషయసూచిక. మెమో, ఆధార్, పాసుబుక్కు మూడింట్లోనూ ఒక్క చుక్క తేడా లేదు. ఆదాయ పత్రంలో ఏడాదికి ఎనభై వేలని ఉంది, తహసీల్దార్ డిజిటల్ సంతకం తళతళలాడుతోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. టీ చల్లారేలోపు సంతకం పెట్టేశాను. అంతటితో ఊరుకోలేదు. "చూడండి, దరఖాస్తంటే ఇట్లా ఉండాలి" అని లైనులో ఉన్నవాళ్ళందరికీ ఆ ఫైలు పట్టి చూపించాను. ఆ అబ్బాయి కాగితాలు పేర్చిన వరుస నోటీసు బోర్డు మీద నమూనాగా అంటించాను.

కొన్నాళ్ళకు బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో నిలబడి ఉన్నాను. మా కాలేజీ పిల్లలు సగంమంది జిరాక్సులు తీయించుకునేది అక్కడే. మాటల్లో షాపతను, "కిరాయి మళ్ళీ పెంచిండు సార్, మీ స్టూడెంటు వాళ్ళ నాయనే" అన్నాడు. ఎవరని అడిగాను. పచ్చ కవరు అబ్బాయి. ఆ వరసలో నాలుగు షట్టర్లూ వాళ్ళవేనట. ఆ ఆదాయ పత్రంలో ఏడాదికని రాసింది ఆ నాలుగు షట్టర్ల రెండు నెలల కిరాయికి కూడా సరిపోదు. బంగారం లాంటి ఆ ఫైలు జిరాక్సులు కూడా ఆ షాపులోనే తీసి ఉంటారు.

ఇప్పుడు మీరడుగుతారు, తెలిశాక ఏం చేశావని. నిజాయితీపరుడినని డప్పు కొట్టుకున్నవాణ్ణి కదా, పరుగున పోయి పై ఆఫీసుకు రాసి ఉండాలి. రాయలేదు. ఆ ఫైలు మీద నా సంతకముంది, నోటీసు బోర్డు మీద నా పొగడ్త ఉంది. పక్కరోజు అందరికంటే ముందే కాలేజీకి పోయి, ఆ నమూనా కాగితం చప్పుడు కాకుండా పీకేశాను.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించడానికి నాకు చాలా కాలం పట్టింది. నేను చేస్తున్నదాన్ని పరిశీలన అనుకున్నాను. ఒక కాగితం ఇంకో కాగితంతో కలుస్తోందా లేదా అన్నదే చూశాను, అంతకు మించి ఏమీ చూడలేదు. కాగితాలు కలిసేలా చేసుకోవడం ఉన్నవాడికి సులువు. మనిషిని పెట్టి తిప్పించుకోగలడు, కావాల్సిన అంకె రాయించుకోగలడు. లేనివాడి కాగితాలే చిందరవందరగా ఉంటాయి. వాటిని ఎవరెవరో రాశారు, అతను చదువుకోలేదు, దిద్దించుకోవడానికి పోతే ఆ పూట కూలి పోతుంది. కాబట్టి ఎంత గట్టిగా చూస్తే అంత లేనివాళ్ళే బయటపడిపోయారు. నా ఎర్ర పెన్ను వల్ల ప్రభుత్వానికి మిగిలిన డబ్బంతా అర్హులదే.

ఆ ఆదాయ పరిమితి సంగతి కూడా చూడండి. ఏడాదికి 1,50,000 అంటే నెలకు 12,500. తాపీ మేస్త్రీకి నెలలో సగానికి పైగా పని దొరికితే అది దాటిపోతుంది. పట్నంలో వాచ్‌మన్ పని చేసే మొగుడు, నాలుగిళ్ళల్లో పని చేసే భార్య ఇద్దరి సంపాదనా కలిపితే పట్నం పరిమితి కూడా దాటిపోతుంది. నిజం చెప్తే పిల్లవాడికి ఫీజు పోతుంది కాబట్టి అందరి పత్రాల్లోనూ అరవై వేలో, ఎనభై వేలో ఉంటుంది. మేస్త్రీ పత్రంలోనూ అదే అంకె, షట్టర్ల ఆసామి పత్రంలోనూ అదే అంకె. ఇద్దర్నీ వేరుచేసి చూపించాల్సిన కాగితమే ఇద్దర్నీ ఒకటి చేస్తోంది. తెలంగాణలో 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ తీసేశారు. వాళ్ళలో లంచగొండులు లేరని నేననను, కానీ ఏ ఇంట్లో ఏముందో తెలిసిన మనిషి ఊళ్ళో ఒకడు ఉండేవాడు. ఆ తర్వాత విచారణంతా రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ) మీద పడింది. ఆయనకు ఎన్నో ఊళ్ళు, అడ్మిషన్ల రోజుల్లో కట్టలు కట్టలు దరఖాస్తులు. గడప గడపకూ పోయి చూసి రాయమంటే ఎక్కడ సాధ్యం?

2023లో ఒక వార్త చదివాను. కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ తన స్కాలర్‌షిప్పుల మీద విచారణ చేయించుకుంది. పరిశీలించిన 1,572 విద్యాసంస్థల్లో 830 బోగస్ అని, కొన్ని అసలు లేనే లేవని, ఖజానాకు 144.83 కోట్ల నష్టమని తేల్చి కేసు సీబీఐకి ఇచ్చింది. ఆ దరఖాస్తులన్నీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వెళ్ళినవే. మొదట సంస్థ నోడల్ అధికారి, ఆ తర్వాత జిల్లా నోడల్ అధికారి, ఇద్దరూ చూసి పంపాలన్నది అక్కడి నియమం. కంప్యూటర్లో రెండు సంతకాలూ ఉన్నాయి. ఆ కాలేజీ ఉందో లేదో పోయి చూసిన మనిషే లేడు. పేపరు మడిచి పెట్టాక నాకు మా పచ్చ కవరు గుర్తొచ్చింది. అక్కడ వాళ్ళు డబ్బు తిన్నారు, ఇక్కడ నేను తినలేదు, తేడా అంతే. కంటితో చూడాల్సిందాన్ని కాగితంతో సరిపెట్టుకోవడం రెండుచోట్లా ఉంది.

అలాగని అంతా కంప్యూటరుకు అప్పగిస్తే తీరిపోతుందనీ అనుకోలేను. ఆంధ్రలో విద్యాదీవెనకు ఆ దారి పట్టారు. ఆదాయ పరిమితి 2.5 లక్షలకు పెంచారు. మాగాణి అయితే పదెకరాలు, మెట్ట అయితే పాతికెకరాలు మించకూడదన్నారు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు ఉండకూడదన్నారు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు కాకుండా సొంత కారు ఉండకూడదన్నారు. ఇవన్నీ ప్రభుత్వం దగ్గర ముందే ఉన్న వివరాలు కాబట్టి పిల్లలు తేవలసిన కాగితాలు తగ్గాయి. మా షట్టర్ల ఆసామిలాంటివాళ్ళు అందులో చాలావరకు తేలతారు. ఆ ఆలోచన నాకు నచ్చింది. కానీ గుంటూరు వైపు పనిచేసే నా మిత్రుడొకడు ఇంకో ముఖం చెప్పాడు. పెళ్ళై వేరుపడ్డ అన్న ఉద్యోగం ఇంకా తల్లిదండ్రుల ఇంటి లెక్కలోనే ఉండిపోతే తమ్ముడి చదువు ఆగిపోతుంది. ఎప్పుడో అమ్మేసిన పొలం ఇంకా తాత పేరు మీదే కనబడుతుంది. సచివాలయానికి పోతే సిస్టంలో అట్లాగే ఉందంటారు. అక్కడ కంప్యూటరు ఎర్ర పెన్ను పట్టుకుంది, అంతే. అనర్హుడని ఎవరు తేల్చినా ఎందుకో రాసివ్వాలి, దిద్దుకోవడానికి రోజులివ్వాలి, వినడానికి ఒక మనిషి కూర్చోవాలి. ఈ మూడూ లేకపోతే మనిషైనా యంత్రమైనా ఒకటే.

ఇప్పుడు మా కాలేజీలో ఏం చేస్తున్నామో చెప్తాను. ఇది గొప్ప కోసం కాదు, పనికొస్తే తీసుకుంటారని. గడువు ముంచుకొచ్చాక హార్డ్ కాపీ పట్టుకుని పేర్లు చూడటం మానేశాం. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల దోస్త్‌లో సీటొచ్చి కాలేజీలో చేరడానికి వచ్చిన రోజే, ఒరిజినల్ మెమోలు మా చేతికి రాకముందే, వరండాలో బల్ల వేసి మూడు కాగితాలూ అక్కడే చూస్తాం. తేడా ఉంటే ఆ పూటే తెల్ల చీటీ రాసిస్తాం. ఆ చీటీలో నాలుగు గీతలుంటాయి. తేడా ఏమిటి, ఎక్కడికి పోవాలి, ఏం పట్టుకుపోవాలి, ఎప్పటిలోగా రావాలి. చీటీ కార్బను మా దగ్గర ఉంటుంది. ఒకే చీటీలో అన్నీ రాయాలన్నది నియమం. ఆధార్ సరిచేసుకొచ్చాక పాసుబుక్కు గుర్తొచ్చిందంటే ఆ తప్పు మాది, ఆ కాగితం మేమే దగ్గరుండి చేయించాలి. మెమో ఒరిజినల్ కావాలంటే రిజిస్టర్లో సంతకం తీసుకుని ఇస్తాం, సాయంత్రానికి తెచ్చిస్తారు. ఇంతవరకూ ఒక్కటీ పోలేదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ ముడిపడిందో లేదో కూడా ఆ బల్ల దగ్గరే ఫోన్లో చూస్తాం. ఎందుకంటే ఆ ఒక్కటి లేక ఎంటీఎఫ్ డబ్బు ఎక్కడికో పోయి తిరిగొచ్చేస్తుంది. చిన్న స్పెల్లింగు తేడాలకు ఆ పిల్లలు మావాళ్ళేనని ప్రిన్సిపాల్ గారు కాగితం రాసిచ్చి దరఖాస్తు పంపిస్తున్నారు. బీరువా తాళాలు రెండు చేయించాం. ఒకటి ఆఫీసులో మేకుకు వేలాడుతుంది.

ఆదాయం సంగతి మాత్రం మా చేతిలో లేదు, మా చేతిలో పెట్టకూడదు కూడా. కాలేజీ చెప్పగలిగేది ఒక్కటే. ఈ పిల్లవాడు ఉన్నాడు, రోజూ వస్తున్నాడు, చదువుతున్నాడు. అది మేము కళ్ళతో చూసి చెప్పాలి, ఆ మాట తప్పైతే మమ్మల్నే పట్టుకోవాలి. లేని పిల్లల పేర్లతో ఫీజు లాగే కాలేజీలను పట్టుకునే దారి అదే. చెప్పకుండా వచ్చి క్లాసులో తలలు లెక్కపెట్టుకుని పోవాలి. ఆదాయం లెక్క రెవెన్యూవాళ్ళది. పొలం, బండ్లు, ఇంటి పన్ను, ఆదాయపు పన్ను అన్నీ వాళ్ళకు అందేచోట ఉన్నాయి. నూటికి కొన్ని పత్రాలు లాటరీలో తీసి, ఆ ఇళ్ళకు మాత్రం నిజంగా మనిషిని పంపితే చాలు, షట్టర్లు ఉన్నవాళ్ళకు భయముంటుంది. 2025లో ఊళ్ళకు గ్రామ పాలన అధికారులను మళ్ళీ పంపారు. వాళ్ళకు ఈ పని అప్పగించాలని నా కోరిక. పల్లెకు 1,50,000 అన్న గీతను కూలి ధరలు చూసి పైకి జరపాలన్నది ఇంకో కోరిక. మేస్త్రీ నిజం చెప్పగలిగిన రోజున అబద్ధం చెప్పేవాడు విడిగా కనబడతాడు.

ఈ మాటలన్నీ రాసి, కాలేజీ తరఫున జిల్లా ఆఫీసుకు ఒక అర్జీ ఇచ్చాం. ఎన్ని దరఖాస్తులు వాపసు చేశామో, ఒక్కోదానికి కారణం ఏమిటో ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టాలని అందులో మొదటి కోరిక. మావి ఇప్పటికే పెడుతున్నాం. ఈసారి బోర్డు మీద ఇంకా తేలనివి రెండు మిగిలాయి. ఒక అబ్బాయి ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పు పడింది. సెంటర్లో మళ్ళీ తిప్పి పంపారట. సోమవారం అతనితో మా అటెండర్ని పంపిస్తున్నాం. ఇంకొక అమ్మాయి ఆదాయ పత్రం తహసీల్దార్ ఆఫీసులో ఆగింది. దానికి నేనే పోవాలి, గడువుకు ఇంకా వారం ఉంది.